శుక్రవారం పాట ఎత్తింది నేను కాదు

మా నాచారం చర్చి సంఘం వార్షికోత్సవానికి ఈ మధ్య ఒక సంచిక వేసింది. అందులో నా గురించి నాలుగు వాక్యాలున్నాయి. కువైట్ ఎడారిలో, అమెరికా సైనికుల క్యాంపులో తెలుగు ఆరాధన మొదలుపెట్టింది నేనేనని, అక్కడ ఒక అన్యుణ్ణి కూడా ప్రభువు దగ్గరికి నడిపించానని రాశారు. రాసినవాళ్లను అనడానికి లేదు. విన్నదే రాశారు. ఆ మాట మొదట పుట్టింది నా నోట్లోనే.

ఆ ఆరాధన మొదలుపెట్టింది కాప్రా నుంచి వచ్చిన ఒక అన్న. ఆయన క్రైస్తవుడు కాడు. అప్పుడు కాడు, ఇప్పుడూ కాడు. నేను అన్న మాట వల్ల ఆయన తన కాలనీలో భజన పాట ఎత్తే చోటు పోగొట్టుకున్నాడు. ఈ సంగతి ఒకసారి నోటితో సరిదిద్దాను. అచ్చులో మళ్లీ పాతదే వచ్చింది కాబట్టి, ఇప్పుడు రాసే సరిదిద్దుతున్నాను.

కువైట్ పోకముందు నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేసేవాణ్ణి. ఫ్యాక్టరీ మూతపడింది. పని ఉన్నన్నాళ్లు చర్చిలో రెండో వరుసలో కూర్చున్నవాణ్ణి, పని పోయాక గోడ పక్కన చివరి చాప మీదికి జరిగాను. ఎవరూ జరగమనలేదు. నాకే అట్లా అనిపించింది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఉండే ఒక ఏజెంటు ద్వారా కువైట్ వీసా దొరికినప్పుడు, మా పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచి తల మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. ఆ రోజు ఎంతో కాలానికి సంఘమంతా నా ముఖం చూసింది.

క్యాంపంటే కాంక్రీటు గోడల మధ్య గుడారాలు, కంకర, ఇసుక, ఎప్పుడూ ఆగని జనరేటర్ల మోత. సైనికులు అక్కడ కొన్నాళ్లుండి ఇరాక్ పోయేవారు, ఇరాక్ నుంచి వచ్చినవాళ్లు అక్కడ కొన్నాళ్లుండి ఇళ్లకు పోయేవారు. మేం భోజనశాలలో గరిటె పట్టుకొని నిలబడి వాళ్ల ప్లేట్లలో వడ్డించేవాళ్లం. పని బాగానే ఉండేది. తిండి బాగుండేది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో సూపర్‌వైజర్ కసిరినట్టు అక్కడ ఎవరూ కసరలేదు. ఆ పిల్లలు ప్లేటు చాచి "సర్" అనేవారు. నన్ను ఎవరైనా సర్ అనడం అక్కడే మొదలు.

క్యాంపులో చర్చి ఉందని తెలిసి ఒక ఆదివారం, మధ్యాహ్నం షిఫ్టుకు ముందు పోయాను. పెద్ద గుడారం, చల్లటి ఏసీ, వరుసగా కుర్చీలు. సైనికులు తుపాకులు కుర్చీల కింద పెట్టి, కాఫీ కప్పులు చేతిలో పట్టుకొని కూర్చున్నారు. నేను తలుపు దగ్గర బూట్లు విప్పి, వట్టి కాళ్లతో లోపలికి వచ్చాక చూశాను, అందరి కాళ్లకూ బూట్లున్నాయి. మళ్లీ పోయి తొడుక్కోవాలో వద్దో తెలియక అట్లాగే చివర కూర్చున్నాను. మంచివాళ్లే, ఒకాయన నవ్వి చేయి కలిపాడు. ప్రసంగం సగం అర్థమైంది. పాట మాత్రం నాకు అందలేదు.

లాండ్రీ మా గుడారాల పక్కనే ఉండేది. కౌంటర్‌లో ఉండే కాప్రా అన్న నాకంటే పెద్దవాడు, గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. సికింద్రాబాద్‌లో హోటల్లో చాలా ఏళ్లు పనిచేసినందువల్ల ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాడు. ఆ రోజు నన్ను చూసి పిలిచాడు.

"ఏం తమ్మీ, చర్చికి పోయొస్తున్నవ్, మొఖమేంది దవాఖానాకు పోయొచ్చినట్టున్నది?"

"ఏం లేదన్నా. కుర్చీల మీద కూసొని, బూట్లతోని, కాఫీ తాగుకుంట... మనకు అలవాటు లేదు."

"పాటల్లేవా?"

"ఉన్నయి. ముంగట తెర ఉంటది. దాంట్ల సూసి పాడతరు. సప్పట్లు గూడ లెవ్వు."

"సప్పట్లు లేకుంట పాటేంది? గది పాట గాదు, వార్తలు సదువుడు." మూట కట్టిన బట్టల సంచి పక్కకు విసిరి నన్ను తేరిపార చూశాడు. "మీ తెలుగు చర్చోళ్లు ఈడ ఎంతమంది ఉన్నరు?"

"పది మంది ఉంటరేమో."

"మరి మీది మీరే పెట్టుకుంటం, జర జాగియ్యున్రి అని అడుగుతలేరేంది?"

"ఎవర్నన్నా అడిగేది?"

"నాకేమెరుక? దేవుడు నీయోడు, చర్చి నీది. పా, నేనొస్త. ఇంగ్లీషు నేను మాట్లాడ్త, నువ్వు మంచోని లెక్క నిలబడు."

ఆ వారంలోనే చాప్లెన్ దగ్గరికి పోయాం. చాప్లెన్ అంటే సైన్యంలో పాస్టరు. పొడుగు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. అన్న చెప్పిందంతా విని, ఆరాధనను నడిపేది ఎవరని అడిగాడు. పెద్దగా ఒకరి పేరు ఉంటేనే గది ఇస్తారట. అన్న ఏమాత్రం ఆలోచించకుండా నా భుజం మీద చేయి వేశాడు. అట్లా నేను ఆరాధనకు పెద్దనయ్యాను. చర్చి గుడారం పక్కనున్న చెక్క గదిలో, శుక్రవారం మధ్యాహ్న భోజనాలకూ రాత్రి భోజనాలకూ మధ్య ఒక గంట ఇచ్చారు.

"మనది ఆదివారం గదన్నా," అన్నాను బయటికి వచ్చాక.

"ఆదివారం నీకు రికామ్ ఉన్నదా? కువైట్ల శుక్రవారమే దేవుని దినం. దేవునికి లేని ఫికర్ నీకేంది?"

మొదటి శుక్రవారం కుర్చీలన్నీ గోడకు జరిపి, లాండ్రీ నుంచి తెచ్చిన దుప్పట్లు పరిచాం. బూట్లు బయట విప్పాం. అన్ని మతాలవాళ్లకూ అదే గది కావడంతో సిలువను ఒక తెర వెనక ఉంచేవారు. ఎవరి ఆరాధనకు వాళ్లు ముందుకు తెచ్చుకోవాలి. మాకా సంగతి తెలియదు. చూసిపోదామని వచ్చి తలుపు దగ్గర కూర్చున్న అన్నే, "మీ సామానేదో ఆ పర్ద ఎనక ఉన్నది, తెచ్చుకోరా?" అని లేచి, తనే ఎత్తుకొచ్చి నిలబెట్టాడు. వంకరగా ఉందని రెండుసార్లు సరిచేశాడు కూడా. తర్వాత ఎప్పుడూ ఆ పని ఆయనదే అయింది.

ప్రార్థన చేశాను, వాక్యం చదివాను. పాట ఎత్తడం దగ్గర తడబడ్డాను. ఊళ్లో పాట ఎత్తేది ఎప్పుడూ వేరేవాళ్లు. నేను గుంపులో గొంతు కలిపేవాణ్ణి. మొదటి చరణమే ఎంతో పైనుంచి ఎత్తడంతో రెండో చరణానికి ఎవరికీ అందలేదు. ఒక్కొక్కరే ఆగిపోయారు. అప్పుడు తలుపు దగ్గర్నుంచి దరువు వినిపించింది. మూలన పడి ఉన్న ఖాళీ నీళ్ల డబ్బా, ఇరవై లీటర్లది, ఒళ్లో పెట్టుకొని అన్న వాయిస్తున్నాడు.

"తమ్మీ, ఆగు. జర కిందికెల్లి ఎత్తు. నువ్వు మొదలే మేడ మీదికెల్లి మొదలువెడ్తే ఇగ ఎటెక్కుతవ్?" అని, ఆ పల్లవి వరసను తనే కూనిరాగం తీశాడు. "ఈ మెట్టు మాదే గదరా! మాటలే వేరే. చెప్పు, మాటలు చెప్పు."

నేను మాట అందించాను, ఆయన పాడాడు, అందరూ అందుకున్నారు. మన పాత క్రైస్తవ కీర్తనలు చాలావరకు మన పెద్దలు ఈ నేల మీది భజన మెట్లలోనే కట్టుకున్నారు. చిన్నప్పటి నుంచి పాడుతున్న నాకు ఆ సంగతి తట్టలేదు. శనివారం శనివారం కాప్రాలో భజన నడిపిన మనిషికి ఒక్క పల్లవితోనే తెలిసిపోయింది.

అప్పటి నుంచి శుక్రవారం అదే తీరు. పేరుకు నేను పెద్ద, పాట ఎత్తేది ఆయన. ప్రసంగం వచ్చేసరికి ఆయన గోడకానుకొని హాయిగా కునుకు తీసేవాడు. పాట అనగానే ఎవరూ లేపకుండానే లేచేవాడు. మేడిపల్లి నుంచి, కరీంనగర్ నుంచి వచ్చిన హిందూ పిల్లలు కూడా వచ్చి వెనక కూర్చునేవారు. వారమంతా ఇంగ్లీషు, హిందీ మాట్లాడి నోరు తిమ్మిరెక్కినవాళ్లకు ఆ గంట తెలుగు. సాక్సుల వాసన, ఏసీ హోరు, చప్పట్లు, ఎవరో ఒకరు కళ్లు తుడుచుకోవడం. బయట కుప్పగా మా బూట్లు. ఒకసారి ఒక అమెరికా సైనికుడు ఆ కుప్ప చూసి, తన బూట్లూ విప్పి లోపలికి వచ్చి కింద కూర్చున్నాడు. తుపాకీ ఎక్కడ పెట్టాలో, ఆ పొడుగు కాళ్లు ఎట్లా మడవాలో తెలియక చాలాసేపు తిప్పలు పడ్డాడు. అన్న దరువు ఆపకుండానే, "ఒరేయ్, ఆ పిలగానికి జర గోడ ఇయ్యున్రి, ఆనుకుంటడు," అన్నాడు. నా జీవితంలో దేవుడు దగ్గరగా ఉన్నట్టు అనిపించిన రోజులేవంటే నేను ఆ శుక్రవారాలనే చెబుతాను.

చాప్లెన్ సహాయకుడు ఒకరోజు మా పాటలు రికార్డు చేసి సీడీలు ఇచ్చాడు. సెలవు మీద పోతున్న ఒకతని చేతికి ఒకటి ఇచ్చి ఇంటికి పంపాను. మా ఆవిడ దాన్ని అయ్యగారికిచ్చింది. ఆయన ఆదివారం సంఘంలో పెట్టి వినిపించారు. తర్వాత ఆయన ఫోన్‌లో అడిగారు.

"ఆ ముందు పాడేది ఎవరు నాయనా? ఎంత మంచి గొంతు! మన సంఘస్తుడేనా?"

"కాదు అయ్యగారూ. కాప్రా ఆయన. హిందువు."

"హిందువా? హిందువై ప్రభువును గంత ప్రేమతో పాడతడా? మనసు మారింది గదా మరి?"

అవతల అయ్యగారు ఎదురుచూస్తున్నారు. నేను, "మారుతున్నది అయ్యగారూ, మారుతున్నది," అన్నాను. ఆయన స్తోత్రం చెప్పారు. ఆ స్తోత్రం నాకు ఎంతో బాగుంది.

నా సెలవు వచ్చింది. నాచారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. మా దగ్గర దూరం పోయి వచ్చినవాళ్లు సంఘం ముందు నిలబడి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటాం. వినేవాళ్లు అందులో ఒక మారిన మనిషి కోసం ఎదురుచూస్తారు. నేను గుడారం గురించి చెప్పాను, తలలు ఊగాయి. బూట్ల కుప్ప గురించి చెప్పాను, నవ్వారు. మొదటి వరుసలో కూర్చున్న మా ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఇంకొంచెం కావాలనిపించింది. ఆ పాడే అన్న నా ప్రార్థన విని ప్రభువును అంగీకరించాడనీ, నీళ్లలో మునిగి బాప్తిస్మం కూడా తీసుకున్నాడనీ చెప్పాను. హాలంతా స్తోత్రంతో మోగింది. చాప్లెన్‌ను అడిగిందీ, సిలువను ఎత్తుకొచ్చిందీ ఆయనేనన్న మాట నా కథలో ఎక్కడా రాలేదు. నేను మళ్లీ రెండో వరుసలో కూర్చున్నాను.

క్యాంపుకు తిరిగి వచ్చాను. కొన్ని నెలలకు అన్న సెలవు మీద పోయాడు. తిరిగి వచ్చిన రోజు నేను లాండ్రీకి పోతే, ఆయన కౌంటర్ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. నవ్వలేదు.

"ఏమ్రా తమ్మీ, నేను ఎప్పుడు మునిగిన్నో జర చెప్పు. ఏ నీళ్లల్ల మునిగిన్నో గూడ చెప్పు. ఈ ఎడారిల తాగనీకే డబ్బాల నీళ్లు, మునగనీకే ఏడికెల్లి తెచ్చినవ్?"

నేను బట్టల సంచి కౌంటర్ మీద పెట్టాను.

"నేను సెలవు మీద వచ్చిన్నని ఎవరో చెప్పిన్రట, మీ అయ్యగారు పూలదండ వట్టుకొని వచ్చిండు. ఎనక పది మంది. మా గల్లీ మొత్తం సూస్తాంది. 'సోదరుడా' అని దండ ఏసిండు. మంచోడే పాపం, కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నడు. నేను కాదయ్యా, గట్లేం లేదయ్యా అంటున్న. ఆయన సీడీ తీసి మా ఇంట్లనే పెట్టిండు. నా గొంతే! నా గొంతుతోని మీ దేవుని పాట! ఇగ నన్నెవడు నమ్ముతడు?"

తర్వాత జరిగింది ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఏటా శివరాత్రికి కాప్రా భజన బృందం కీసర గుట్టకు నడిచి పోతుంది. ఊళ్లో ఉన్న ఏడల్లా దారి పొడుగునా ముందు నడిచి పాట ఎత్తేది ఆయనే, ఆయన తండ్రి తర్వాత ఆయనే. ఈసారి వద్దన్నారు. తిట్టలేదు, కొట్టలేదు. "నువ్వు ఏ దేవుని మొక్కినా మాకు పర్వాలేదు, మాకు చెప్పకుంట దాసినవ్ సూడు, గదే మనసుకు తాకింది," అన్నారట. పాట ఎత్తేవాడు వాయించే తాళాలు వేరే ఆయన చేతికిచ్చారు. అన్న సెలవున్నన్ని రోజులు శనివారాలు ఇంట్లోనే కూర్చున్నాడు.

"అన్నా, నేను..." అన్నాను.

"నాకు చెప్పకు. నాకెరుకే గద, నేను మునగలేదని." నా సంచి తీసుకొని చీటీ కట్టాడు. "ఏ నోటితోని చెప్పినవో ఆ నోటితోనే పోయి చెప్పు. మీ చర్చిల చెప్పు, మా భజనోళ్లకు చెప్పు. అంతే."

చెబుతానన్నాను. నాకింకా అర్థం కానిదేమిటంటే, ఆ శుక్రవారం ఆయన వచ్చాడు. తెర వెనక నుంచి సిలువ తెచ్చి పెట్టి, నీళ్ల డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. ఎందుకొచ్చావని ఎవరో అడిగితే, "పాటేం చేసిందిరా నన్ను?" అన్నాడు.

నేను మాట నిలబెట్టుకోలేదు. మధ్యలో ఒకసారి సెలవు మీద వచ్చి, సంఘంలో కూర్చొని, లేవలేక వెళ్లిపోయాను. పిల్లల స్కూలు, ఇంటి పని, తెలంగాణ బందులు అని నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. అన్న ఒప్పందం అయిపోయి నాకంటే ముందే కాప్రాకు వచ్చేశాడు. ఆయన పోయాక శుక్రవారం ఆరాధన కొన్ని వారాలే సాగింది. పాట ఎత్తేవాడు లేక అది ఆగిపోయింది. క్యాంపులో మనుషులు తగ్గి నేను ఇంటికి వచ్చేసరికి, అన్న శివరాత్రి పాట లేకుండా ఎన్నో ఏళ్లు గడిపాడు.

వచ్చిన మొదటి శనివారం కాప్రాకు పోయాను. భజన జరిగే చిన్న హాల్లో పెద్దాయన ఒకరు తాళాలు తుడుస్తున్నారు. అన్న వెనక వరుసలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, ముఖం తిప్పుకోనూ లేదు. నేను నిలబడే అంతా చెప్పాను. పెద్దాయన విని, తాళాలు పక్కన పెట్టి అన్నాడు.

"ఈడ చెప్పినవ్, మంచిగున్నది. గని అబద్ధం చెప్పింది మా తాన గాదు గద? మీ చర్చిల చెప్పు. మేమొచ్చి ఇంటం. అప్పుడు మాకు తృప్తి."

అయ్యగారికి చెప్పినప్పుడు ఆయన ముసలివారైపోయి ఉన్నారు. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"సాక్ష్యాన్ని ఎనక్కి తీసుకున్నోన్ని నేను సూడలే నాయనా. సంఘం ఏమనుకుంటది?"

"నా గురించే అనుకుంటది అయ్యగారూ."

"నా గురించి గూడ. దండ ఏసింది నేనే గదా." అద్దాలు మళ్లీ పెట్టుకొని, "సరే, ఆదివారం చెప్పు," అన్నారు.

ఆ ఆదివారం కాప్రా నుంచి నలుగురు వచ్చారు. మాలాగే చెప్పులు బయట విడిచి, తలుపు దగ్గర చాప మీద కూర్చున్నారు. నేను ముందు నిలబడ్డాను.  ఆరాధన అడిగింది ఎవరో, పాట ఎత్తింది ఎవరో, నేను ఎంతవరకు చెప్పానో, ఏది కల్పించానో వరసగా చెప్పాను. బాప్తిస్మం జరగలేదని రెండుసార్లు చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ఎప్పుడు అనాలో ఎవరికీ తెలియలేదు. మా ఆవిడ తల దించుకుంది. తర్వాత చాలా రోజులు మాట్లాడలేదు కూడా. నాకు బాధేసింది కానీ, చివరి చాప మీదికి పోయి నిమ్మళంగా కూర్చున్నాను.

అయ్యగారు నెమ్మదిగా నడుచుకుంటూ తలుపు దాకా పోయి అన్న రెండు చేతులూ పట్టుకున్నారు.

"మిమ్మల్ని మీ ఇంటి ముందట ఇబ్బంది పెట్టిన. మన్నించున్రి."

"దండ మంచి దండే అయ్యగారూ," అన్నాడు అన్న. "మల్లెపూలు. మా ఆవిడ రెండు రోజులు తలల పెట్టుకున్నది."

అప్పుడు నవ్వారు అందరూ. భజన పెద్దాయన కూడా నవ్వాడు.

ఆ వచ్చిన శివరాత్రి, తెలంగాణ ఇక వచ్చినట్టే అని అందరూ అనుకుంటున్న రోజులు. పొద్దున్నే కాప్రా పోయాను. గల్లీ చివర బృందం నిలబడి ఉంది. ఇన్నేళ్లుగా పాట ఎత్తుతున్న ఆయన మంచివాడు, ఆయన్ను పక్కకు తప్పించడం న్యాయం కాదు. పెద్దాయన ఒక పద్ధతి చెప్పాడు: గుట్ట కింది దాకా అన్న, గుట్ట ఎక్కేటప్పుడు ఆయన. ఎవరూ కాదనలేదు. తాళాలు అన్న చేతికి వచ్చాయి.  కింది నుంచి నెమ్మదిగా ఎత్తాడు. వెనక నుంచి అందరూ అందుకున్నారు.

నేను పక్కనే నడిచాను. నాగారం దగ్గర ఎండెక్కుతుంటే అన్న పల్లవికీ చరణానికీ మధ్య నా వైపు తిరిగాడు.

"ఇగ పో తమ్మీ. నువ్వు గుట్ట దాకా వచ్చినవంటే, మావోళ్లు కొబ్బరికాయ వట్టుకొని మీ ఇంటికొస్తరు."

నేను అక్కడే నిలబడిపోయాను. వాళ్లు కీసర దారిన సాగిపోయారు. మధ్యలో లారీలు, బస్సులు అడ్డం వచ్చినా, అందరి గొంతులకంటే ముందు వచ్చే ఆ ఒక్క గొంతు చాలా దూరం దాకా వినిపించింది.